రక్త పరీక్ష రిపోర్టు: సంధి విడదీసి చదివే పద్ధతి

దేవరకొండ బస్టాండుకు నాలుగు అడుగుల దూరంలో ఉన్న చిన్న ల్యాబులో ఇరవై రెండేళ్లుగా నెత్తురు తీస్తున్నాను. సూదికి భయపడేవాళ్ల కంటే కాగితానికి భయపడేవాళ్లనే ఎక్కువ చూశాను. రిపోర్టు పదకొండింటికి చేతికొస్తుంది, డాక్టరు సాయంత్రం ఆరింటికి గానీ కూర్చోడు. మధ్యలో ఆ ఏడు గంటలే గండం. బస్టాండు బెంచీ మీద కూర్చొని ఒక్కో మాటను ఫోన్లో కొట్టి చూస్తారు. ఇంకేముంది, సాయంత్రానికి లేని రోగాలన్నీ ఉన్నట్టే.

కొండమల్లేపల్లి వైపు నుంచి వచ్చిన డిగ్రీ పిల్లవాడు ఒకడు గుర్తున్నాడు. రిపోర్టు అడుగున 'ల్యూకోసైటోసిస్' అని ఉంది. ఫోన్లో సగం మాట కొట్టేసరికి 'ల్యూకీమియా' అని వచ్చిందట. వాళ్లమ్మ మా మెట్ల మీద కూలబడి ఏడుస్తోంది. "ఏమైంది పెద్దమ్మా?" అంటే "నా కొడుక్కు బ్లడ్ క్యాన్సరంట బిడ్డా" అంది. తెల్లకణాలు 14,800 ఉన్నాయి, అంతే. వాడి తొడ మీద కోడిగుడ్డంత సెగ్గడ్డ ఉంది. గడ్డలో చీము పట్టినప్పుడు తెల్లకణాలు పెరగకపోతేనే అనుమానించాలి.

ఆ రోజు వాణ్ని కూర్చోబెట్టి, టెన్త్‌లో మా తెలుగు సారు చెప్పిన పద్ధతే చెప్పాను: ముందు సంధి విడదీయి, తర్వాత అర్థం చెప్పు. రక్తానికి సంబంధించిన మాటలన్నీ అట్లా విడిపోయేవే. పది పదిహేను ముక్కలు తెలిస్తే చాలు, రిపోర్టులో మాటలు చాలావరకు లొంగుతాయి. మందు రాయడం మాత్రం మీ పనీ కాదు, నా పనీ కాదు. డాక్టరు దగ్గరికి పోయేలోపు సరైన ప్రశ్న పట్టుకొని పోవడం వరకే మన పని.

ముక్కలు

ఎక్కువ మాటలు గ్రీకు నుంచి వచ్చాయి. 'హీమో', 'హెమటో' అంటే రక్తం. మాట చివర 'ఈమియా' వస్తే 'రక్తంలో' అని అర్థం. 'అన్' అంటే లేదు. మనకు అన్ + ఆరోగ్యం = అనారోగ్యం అయినట్టే, వాళ్లకు అన్ + ఈమియా = అనీమియా అయింది. ముక్కకు ముక్క పెడితే 'రక్తం లేమి'. మన పుస్తకాల్లో రక్తహీనత, మన నోళ్లలో 'రగతం తక్కువున్నది'. మూడూ ఒకటే.

'ఎరిత్రో' ఎరుపు, 'ల్యూకో' తెలుపు, 'థ్రాంబో' గడ్డ. 'సైట్' అంటే కణం. ఇక చివర తగిలే తోకలు రెండు ముఖ్యం. 'పీనియా' అంటే గ్రీకులో పేదరికం. థ్రాంబో + సైటో + పీనియా: గడ్డకట్టించే కణాల పేదరికం, అంటే ప్లేట్‌లెట్లు తగ్గాయి. ల్యూకోపీనియా: తెల్లకణాలు తగ్గాయి. 'పాన్' అంటే అన్నీ, కాబట్టి పాన్‌సైటోపీనియా అంటే మూడు రకాలూ తగ్గాయి. ఈ మాట కనపడితే మాత్రం సాయంత్రం దాకా ఆగొద్దు, డాక్టరుకు ఫోన్ చేయండి. రెండో తోక 'ఓసిస్'. రక్తకణాల లెక్క దగ్గర అది ఎక్కువైందని చెప్పడానికే వస్తుంది. ల్యూకో + సైట్ + ఓసిస్: తెల్లకణాలు పెరిగాయి. ఎందుకు పెరిగాయో ఆ మాట చెప్పదు.

మరి ల్యూకీమియా? ల్యూకో + ఈమియా, తెల్లరక్తం. జర్మనీ డాక్టరు రుడాల్ఫ్ విర్కో పెట్టిన పేరు. ల్యూకీమియా జబ్బు పేరు, ల్యూకోసైటోసిస్ లెక్క పేరు. రెండూ 'ల్యూ'తో మొదలవుతాయి గానీ రెండూ ఒకటి కావు.

ఇదే తాళం డిశ్చార్జి కాగితాలకూ పనికొస్తుంది. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. హైపోగ్లైసీమియా: రక్తంలో చక్కెర తగ్గడం. హైపర్‌కాలీమియా: రక్తంలో పొటాషియం పెరగడం. డయాలసిస్‌కు పోయేవాళ్ల కాగితాల్లో ఇది తరచూ ఉంటుంది. హెమట్యూరియా మూత్రంలో రక్తం, హెమటెమిసిస్ రక్తపు వాంతి, హీమాప్టిసిస్ దగ్గితే రక్తం పడటం. చివరి రెండూ ఇంట్లో చెప్పేటప్పుడు కలిసిపోతాయి. "నోట్లోంచి నెత్తురు పడ్డది" అంటారు. వాంతిలో పడిందా, దగ్గితే పడిందా అని డాక్టరు అడుగుతాడు, గమనించి పెట్టుకోండి.

ముందు పేరు, తర్వాత అంకె, ఆ తర్వాత కొలత

నవ్వకండి. కాగితం మీద పేరు, వయసు, ఆడా మగా చూసుకోండి. మా దగ్గర ఒకే పొద్దున ముగ్గురు లక్ష్మమ్మలు వచ్చిన రోజులున్నాయి. హిమోగ్లోబిన్ ఎంత ఉండాలన్నది కూడా ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు.

అంకె పక్కన చిన్న అక్షరాల్లో కొలత ఉంటుంది. ఎవరూ చూడరు. ఒక ల్యాబు ప్లేట్‌లెట్లను 2,50,000 అని రాస్తుంది, ఇంకోటి 2.5 లక్షలు అంటుంది, నల్గొండలోనో హైదరాబాదులోనో చేయిస్తే 250 అని వస్తుంది. మూడూ ఒకటే, మూడోది వేలల్లో రాశారు. "మొన్న రెండున్నర లక్షలుండె, ఇయ్యాల రెండొందల యాభైకి పడిపోయినయ్" అని ఒకాయన మధ్యాహ్నం పూట ఆటో మాట్లాడుకొని మా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. తెల్లకణాలు 7.2 అని ఉంటే 7,200 అని చదువుకోవాలి.

కుడివైపు ఉండే 'నార్మల్ రేంజి' గురించి కూడా ఒక మాట. ఆరోగ్యంగా ఉన్న నూరు మందిని తీసుకుంటే తొంభై ఐదు మంది ఇమిడే హద్దు అది. మిగతా అయిదుగురికి రోగం లేకపోయినా గీత దాటుతుంది. ఇరవై అంకెలున్న కాగితంలో ఒకటి కొద్దిగా అటో ఇటో ఉండి, పక్కన చుక్క పడితే కంగారు పడొద్దు. పోయిన ఏడాది కాగితం పక్కన పెట్టి చూడండి. అంకె ఎంత ఉందన్న దానికంటే ఎటు పోతోందన్నది ఎక్కువ చెబుతుంది. అందుకే పాత రిపోర్టులు పారేయొద్దు. రేషన్ కార్డు పెట్టే కవరులోనే పెట్టండి.

ఎర్రకణాలు: మిల్లులో బియ్యం చూసినట్టు

సీబీపీ అంటే కంప్లీట్ బ్లడ్ పిక్చర్. కొన్నిచోట్ల సీబీసీ అంటారు, పరీక్ష అదే. అందులో పై సగమంతా ఎర్రకణాల గురించే. జనం ఆ సగాన్ని దాటేసి నేరుగా ప్లేట్‌లెట్ల దగ్గరికి పోతారు. నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే.

హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12, గర్భిణికి 11 (నడిమి మూడు నెలల్లో 10.5) గ్రాముల కంటే తక్కువుంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన రక్తహీనత. డెసిలీటరు రక్తంలో, అంటే నూరు మిల్లీలీటర్లలో, ఇన్ని గ్రాములని కొలత. దాని కింద పీసీవీ లేదా హెమటోక్రిట్ అని ఉంటుంది: నూరు పాళ్ల రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించిన పాళ్లు. చాలామందిలో హిమోగ్లోబిన్‌ను మూడుతో గుణిస్తే దగ్గరదగ్గర పీసీవీ వస్తుంది. 12 ఉంటే 36. మేం శాంపిల్ బాగుందో లేదో చూసుకోవడానికి వాడే చిట్కా ఇది. లెక్క మరీ తేడా కొడితే మళ్లీ చేస్తాం.

తర్వాత వచ్చే ఎంసీవీ, ఎంసీహెచ్, ఎంసీహెచ్‌సీ, ఆర్‌డీడబ్ల్యూలను డాక్టరు చూస్తాడులే అని వదిలేస్తారు. మిర్యాలగూడ మిల్లులో బియ్యం కొనేవాణ్ని గుర్తు తెచ్చుకోండి. బస్తా మొత్తం తూకం ఒకటి, గింజ సైజు ఒకటి, నూక ఎంత కలిసిందన్నది ఒకటి. హిమోగ్లోబిన్ బస్తా తూకం. ఎంసీవీ గింజ సైజు: 80 నుంచి 100 మధ్య ఉండాలి. ఎంసీహెచ్ ఒక్కో గింజలో ఉన్న సరుకు, ఎంసీహెచ్‌సీ ఆ సరుకు చిక్కదనం. ఆర్‌డీడబ్ల్యూ గింజలన్నీ ఒకే తీరుగా ఉన్నాయా, చిన్నా పెద్దా కలిశాయా అని చెప్పేది. దాదాపు 14.5 దాటితే కలిశాయని అర్థం. స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి చూసినవాళ్లు దీన్నే 'అనైసోసైటోసిస్' అని రాస్తారు. విడదీయండి: అన్ + ఐసో + సైట్ + ఓసిస్, సమానంగా లేని కణాలు. ఇక్కడ 'ఓసిస్' ఎక్కువైందని కాదు, అట్లా ఉన్న స్థితి అని. క్యాన్సర్ మాటలా వినిపిస్తుంది గానీ కాదు.

హిమోగ్లోబిన్ తక్కువుందని తెలిస్తే, ఎందుకు తక్కువైందో మొదట చెప్పేది ఎంసీవీయే. 80 కంటే తక్కువుంటే 'మైక్రోసైటిక్', చిన్న కణాలు. దాని పక్కనే 'హైపోక్రోమిక్' అని ఉంటుంది, రంగు తక్కువ. మన దగ్గర ఈ రెండు మాటలూ జంటగా వస్తే ఎక్కువసార్లు ఇనుము లోపమే.

నాంపల్లి మండలం నుంచి పత్తి ఏరే కూలీకి పోయే ఆమె ఒకామె వచ్చింది. హిమోగ్లోబిన్ 6.2, ఎంసీవీ 61. నేను కాగితం ఇస్తూ మాట మొదలుపెట్టేలోపే భర్త అడిగాడు: "ప్లేట్‌లెట్స్ మంచిగున్నయా సారూ?" అంతకుముందు వానాకాలంలో ఆయనకు డెంగీ వచ్చి పోయిందట, అప్పటినుంచి ఆ ఒక్క మాటే తెలుసు. ప్లేట్‌లెట్లు 4 లక్షల 80 వేలున్నాయి. "ఇగ ఫికరు లేదు" అని లేచాడు. ఆపి కూర్చోబెట్టాను. ఇనుము బాగా తగ్గిన ఒంట్లో ప్లేట్‌లెట్లు ఒక్కోసారి పెరుగుతాయి. ఆయన సంతోషపడిన అంకె కూడా ఆమె జబ్బులో భాగమే. ఆమె కొంగు ముడిలో బియ్యం ఉన్నాయి, మాట్లాడుతూనే రెండు గింజలు నోట్లో వేసుకుంది. పచ్చి బియ్యం, బలపాలు, మట్టి తినాలనిపించడం కూడా ఇనుము తగ్గినవాళ్లలో కనపడే లక్షణం. దానికి 'పైకా' అని పేరుంది. మనం దాన్ని చెడ్డ అలవాటని తిడతాం.

అన్ని చిన్న కణాలూ ఇనుము లోపం కావు. హిమోగ్లోబిన్ కొద్దిగానే తగ్గి, ఎంసీవీ బాగా తక్కువుండి, ఎర్రకణాల సంఖ్య మాత్రం 50 లక్షలు దాటి ఉంటే తలసీమియా క్యారియర్ కావచ్చు. ఇట్లాంటి వాళ్లు ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగినా అంకె కదలదు. 'హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరిసిస్' లేదా 'హెచ్‌పీఎల్‌సీ' అనే పరీక్ష చేయాలా అని డాక్టరును అడగండి. క్యారియర్‌కు రోజువారీగా ఇబ్బంది పెద్దగా ఉండదు. కానీ భార్యాభర్తలిద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులో పుట్టే బిడ్డకు తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికం ఇళ్లలో పెళ్లికి ముందే ఈ మాట ఎత్తితే ఎవరికీ కోపం రావాల్సిన పని లేదు. జాతకాలు చూడటానికి పట్టేంత సమయం కూడా పట్టదు.

కణాలు పెద్దగా ఉంటే, అంటే ఎంసీవీ 100 దాటితే, 'మాక్రోసైటిక్'. బీ12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తక్కువ కావచ్చు. రోజూ మద్యం తాగేవాళ్లలోనూ కనపడుతుంది. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది, కాళ్లు తిమ్మిర్లు అంటారు. గర్భిణులకిచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో ల్యాబులో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన తెలుగాయనే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మా ల్యాబుకొచ్చే మందుల కంపెనీ పిల్లలకు కూడా ఈ సంగతి తెలియదు.

ఎర్రకణం బతికేది దాదాపు 120 రోజులు. షుగరు వాళ్లు చేయించుకునే హెచ్‌బీఏ1సీని 'మూడు నెలల షుగర్' అనడానికి కారణం ఇదే: అన్ని రోజులూ ఎర్రకణానికి అంటుకున్న చక్కెర లెక్క అది. రక్తహీనత ఉంటే ఈ లెక్క తప్పే అవకాశం ఉంది. ఇనుము తగ్గినవాళ్లకు ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రెండు కాగితాలూ కలిపి చూపించండి.

తెల్లకణాలు

పెద్దవాళ్లకు 4,000 నుంచి 11,000. కింద అయిదు రకాల పాళ్లు ఉంటాయి, అన్నీ కలిపితే నూరు కావాలి. మా దగ్గరున్నట్టు చిన్న మిషన్ అయితే మూడు రకాలే వస్తాయి, అందులో ఒకటి 'మిడ్' అని ఉంటుంది. అదేదో కొత్త కణం కాదు, మిగతా మూడింటిని ఒకే గంపలో వేసింది మిషన్.

'ఫిల్' అంటే ఇష్టపడేది. స్లైడుకు రంగు వేసినప్పుడు ఇయోసిన్ అనే ఎర్రరంగును పీల్చుకునేది ఇయోసినోఫిల్, క్షార రంగును పట్టేది బేసోఫిల్, మధ్యస్థంగా ఉండేది న్యూట్రోఫిల్. అంటే ఇవి రంగుల పేర్లే, రోగాల పేర్లు కావు. న్యూట్రోఫిల్స్ పెరిగితే చీము, బ్యాక్టీరియా వైపు అనుమానం. వైరల్ జ్వరాల్లో మొత్తం తెల్లకణాలు తగ్గి లింఫోసైట్ల పాలు పెరగడం మామూలే. "కణాలు తగ్గినయ్" అని ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ఏ కణాలో చెప్పండి. మన ఊళ్లల్లో ఆ ఒక్క మాటకే ఎర్రవి, తెల్లవి, ప్లేట్‌లెట్లు మూడూ ఇరికిస్తారు. ఇంట్లోవాళ్లు ఎప్పుడూ మూడోదే అనుకుంటారు.

ఇయోసినోఫిల్స్ 6 దాటితే ఎలర్జీ, ఆస్తమా, లేదా కడుపులో పురుగులు. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగే పిల్లలకు పాదాల చర్మం గుండా కొంకి పురుగు లోపలికి పోతుంది, పేగుల్లో పట్టుకొని నెత్తురు తాగుతుంది. అప్పుడు ఒకే కాగితంలో పైన హిమోగ్లోబిన్ తక్కువ, కింద ఇయోసినోఫిల్స్ ఎక్కువ కనపడతాయి. బళ్లల్లో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇచ్చేది ఇందుకే. ఆ రోజు పిల్లను బడి మాన్పించకండి.

ఈఎస్‌ఆర్ గురించి ఒక్క ముక్క. సన్నటి గొట్టంలో రక్తం నిలబెడితే గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయన్న లెక్క. ఒంట్లో ఎక్కడో వాపు ఉందంటుంది, ఎక్కడో చెప్పదు. రక్తహీనత ఉన్నా పెరుగుతుంది, ముసలితనంలోనూ పెరుగుతుంది. దాన్ని ఒక్కదాన్నే పట్టుకొని 'టీబీ ఉన్నట్టే' అనేవాళ్ల మాట వినకండి.

ప్లేట్‌లెట్లు: నా తప్పు ఒకటి

ఒకటిన్నర లక్షల నుంచి నాలుగున్నర లక్షలు. పుస్తకాల్లో రక్త ఫలకికలు అంటారు. బతికేది వారం పది రోజులే. ఎముకల్లోని మూలుగ రోజూ కొత్తవి తయారుచేస్తూనే ఉంటుంది. నల్లిబొక్కలో మనం జుర్రుకునే మూలుగే, మనకు నెత్తురు తయారయ్యేది అక్కడే.

పని కొత్తలో ఒక చిన్న పిల్ల శాంపిల్ తీశాను. ఏడుస్తోంది, చెయ్యి గుంజుకుంటోంది, రక్తం చుక్కలు చుక్కలుగా వచ్చింది. ట్యూబును మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాలి. హడావుడిలో చేయలేదు. మిషన్ 38,000 అంది. కాగితం ఇచ్చేశాను. వాళ్లు అప్పటికప్పుడు హైదరాబాదు బస్సెక్కారు. సాయంత్రం ట్యూబు పారేయబోతూ చూస్తే అడుగున కందిగింజంత గడ్డ. రక్తం గడ్డకడితే ప్లేట్‌లెట్లన్నీ ఆ గడ్డలోనే చిక్కుకుంటాయి, మిషన్‌కు కనపడవు. హైదరాబాదులో మళ్లీ తీస్తే 2 లక్షల 10 వేలు. ఆ తండ్రి తిరిగొచ్చి నన్ను తిట్టిన తిట్లు న్యాయమైనవే. అప్పటినుంచి లక్ష లోపు వచ్చిన ప్రతి శాంపిల్‌నూ స్లైడు మీద పరిచి కంటితో చూసుకున్నాకే సంతకం పెడతాను. మీరూ అడగండి: "స్మియర్ చూసిండ్రా?" ఒంటి మీద మచ్చల్లేవు, చిగుళ్ల నుంచి రక్తం లేదు, మనిషి హుషారుగా ఉన్నాడు, అంకె మాత్రం మరీ తక్కువుందంటే మళ్లీ సూది గుచ్చమనడం తప్పు కాదు.

డెంగీలో జనం ప్లేట్‌లెట్లనే చూస్తారు, డాక్టర్లు పీసీవీని కూడా చూస్తారు. రక్తనాళాల నుంచి నీరు బయటికి కారితే రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. 38 ఉన్నది 46కు ఎక్కితే ప్రమాదం అక్కడుంది. అది కూడా జ్వరం తగ్గే రోజుల్లోనే వస్తుంది. జ్వరం దిగింది కదా అని ఇంటికి తీసుకుపోయి, ఆగని వాంతులు, కడుపునొప్పి, మగతతో మళ్లీ పరుగెత్తుకొచ్చినవాళ్లను చూశాను. రక్తస్రావం లేకపోతే చాలాసార్లు 10,000 దాకా పడినా ప్లేట్‌లెట్లు ఎక్కించరు. అది డాక్టరు మనిషిని చూసి చేసే నిర్ణయం. బొప్పాయాకు రసం సంగతి అడుగుతారు. డెంగీ తగ్గే దశలో ప్లేట్‌లెట్లు వాటంతట అవే లేస్తాయి, పేరు మాత్రం రసానికి పోతుంది. వాంతులు చేసుకుంటున్న మనిషికి ఆ చేదు బలవంతంగా పోయకండి.

ఎక్కించాల్సి వస్తే దవాఖానలో రెండు మాటలు వినపడతాయి. ఆర్‌డీపీ అంటే మామూలుగా రక్తదానం చేసిన ఒకరి రక్తం నుంచి వేరు చేసిన చిన్న సంచి. ఒక్కోదానికి అయిదు నుంచి పది వేలు పెరుగుతాయి. ఎస్‌డీపీ అంటే ఒకే దాతను మిషన్‌కు కట్టి ప్లేట్‌లెట్లు మాత్రమే తీసుకున్న పెద్ద సంచి. ముప్ఫై నుంచి అరవై వేలు పెరుగుతాయి, ఖర్చూ అంతే ఎక్కువ. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే నిలవుంటాయి. ఫ్రిజ్‌లో పెట్టిన ఎర్రకణాల సంచి, అంటే 'ప్యాక్డ్ సెల్స్', కలిపిన ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు ఉంటుంది. ఒక సంచి ఎక్కిస్తే హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము లేస్తుంది. కాబట్టి వాట్సాప్‌లో 'బ్లడ్ కావాలి' అని పెట్టేటప్పుడు ఏది కావాలో రాయండి. గ్రూపు రాసి అది రాయకపోతే సగం ఫోన్లు వృథా.

గ్రూపు దగ్గర తల్లులకు ఒక్క మాట. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు 'యాంటీ డీ' సూది పడాలి. ఆ కాన్పు కోసం కాదు, తర్వాతి బిడ్డ కోసం.

మూతల రంగులు

ఒక్కసారికే నాలుగు ట్యూబులు నింపితే "ఎంత నెత్తురు గుంజుతవ్ అన్నా" అంటారు. అన్నీ కలిపినా పది పన్నెండు మిల్లీలీటర్లు. వంకాయరంగు మూతలో గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉంటుంది, సీబీపీ అందులోనే. ఎర్ర మూతలో రక్తాన్ని కావాలనే గడ్డకట్టనిస్తాం. పాలు విరిగితే పైన తేట నిలిచినట్టు, గడ్డ పైన తేలే పసుప్పచ్చ నీరే సీరం. గడ్డకట్టనివ్వకుండా కణాలను కిందికి దించితే పైన మిగిలేది ప్లాస్మా. గడ్డకట్టించే సరుకు ప్లాస్మాలో ఉంటుంది, సీరంలో ఖర్చైపోయి ఉంటుంది. తేడా అంతే. నీలం మూత గడ్డకట్టే సమయం చూసే పీటీ పరీక్షకు, అందులో రక్తం గీత దాకా సరిగ్గా నిండాలి.

బూడిదరంగు మూతలో ఉండేది సోడియం ఫ్లోరైడ్. చదువుకునేటప్పుడు ఆ పేరు విని నేను ఉలిక్కిపడ్డాను. మా అమ్మమ్మది మర్రిగూడ మండలం. ఆ నీళ్లు తాగి వంగిపోయిన నడుములు చూస్తూ పెరిగినవాణ్ని. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టుకున్న జిల్లా ఇది. అట్లాంటి ఫ్లోరైడ్‌ను ట్యూబులో మేమే పోస్తాం. ట్యూబులోకి వచ్చాక కూడా కణాలు చక్కెర తింటూనే ఉంటాయి, ఫ్లోరైడ్ వాటి నోరు కట్టేస్తుంది. లేకపోతే రెండు గంటలు ఆలస్యమైన శాంపిల్‌లో షుగరు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

ఐరన్ మాత్ర మొదలుపెట్టాక

పత్తి కూలీ ఆమెకు డాక్టరు మాత్రలు రాశాడు, అధిక రుతుస్రావం ఉందని తేలి దానికీ మందు రాశాడు. కారణం వెతక్కుండా మాత్ర మాత్రమే మింగితే తూటు పడ్డ కుండలో నీళ్లు పోసినట్టే. మగవాళ్లకు, ముట్లుడిగిన ఆడవాళ్లకు ఇనుము తగ్గితే పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడమని తప్పకుండా అడగాలి.

మాత్ర వేసుకున్న గంటసేపు అటూ ఇటూ చాయ్ తాగొద్దు, ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పాలు, కాల్షియం మాత్ర కూడా కలపొద్దు. పులుపు సాయం చేస్తుంది. మన జిల్లాలో బత్తాయికి, నకిరేకల్ నిమ్మకాయకు కరువా? బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందనేది రంగు చూసి మోసపోవడమే, అందులో ఇనుము కొద్దిగానే ఉంటుంది. సజ్జ రొట్టె, కార్జం కూర నయం.

నెల రోజులకు హిమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములు లేవాలి. లేవకపోతే మాత్ర వేసుకోవట్లేదు, లేదా పట్టట్లేదు, లేదా ఇంకా ఎక్కడో పోతోంది. అంకె మామూలుకొచ్చాక కూడా నిల్వ నిండటానికి దాదాపు మూడు నెలలు వాడమంటారు. 'ఫెరిటిన్' అని రాసేది ఆ నిల్వ కొలిచే పరీక్షే.

ఆమె రెండో వారంలోనే మాత్రలు ఆపేసి వచ్చింది. దొడ్డికి నల్లగా వస్తోందని భయపడిందట. భర్తకు చెప్పడానికి సిగ్గు, మా ఆడ అసిస్టెంటు చెవిలో చెప్పింది. ఐరన్ మాత్రకు మలం నల్లబడటం మామూలే. అది గట్టిగా, ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపులో ఉంటుంది. తారులా జిగటగా, మెరుస్తూ, భరించలేని వాసనతో వస్తే అది మెలీనా, కడుపులో రక్తం కారుతున్నట్టు. అప్పుడు మా ల్యాబుకు కాదు, నేరుగా దవాఖానకు పోవాలి. ఆమెది మొదటి రకమే. మాత్రలు మళ్లీ మొదలుపెట్టింది. మరుసటి నెల 8.1.